ఖాళీ మేకు

హాస్టల్, మూడో అంతస్తు
జూన్ తొమ్మిది

పిన్నికి,

ఈ రోజు జూన్ తొమ్మిది. పొద్దున్నే మొదటి ఆశ్చర్యం ఏమిటంటే, నోటుపుస్తకం కోసం సంచి బోర్లిస్తే నీ గది తాళంచెవి టంగుమని నేల మీద పడింది. ఎర్ర దారం కట్టిన నీ తాళంచెవే. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు వెర్రిమొహం వేసుకుని చూశాను.

ఎలా వచ్చిందో చెప్తాను. మొన్న శనివారం సాయంత్రం నా బస్సుకి ముందే నువ్వు పనికి వెళ్ళిపోయావు కదా. నీకో చిన్న ఉత్తరం రాసి దిండు కింద పెడితే బాగుంటుందనిపించింది. టీ కొట్టు గోడకున్న పలక మీద మీ తాళంచెవులు వేలాడుతున్నాయి. టీ పెద్దమ్మ నీళ్ళు తేవడానికి వెళ్ళింది. ఎర్ర దారం గుర్తుపట్టి తీసుకున్నాను. గది తెరిచి, ఉత్తరం పెట్టి, తాళం వేసి, బస్సు పోతుందేమోనని ఒకటే పరుగు. మళ్ళీ మేకుకి తగిలించాలన్న సంగతి గుర్తే లేదు. పాపం, నువ్వు గదిలోకి ఎలా వెళ్ళావు? నన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నావు?

ఇన్నేళ్ళూ నన్ను బస్టాండులోనే కలిసి బస్టాండు నుంచే పంపేసేదానివి. నువ్వేం పని చేస్తావో నిరుడు చెప్పావు. ఈసారి వీధికి రానిచ్చావు. గడపల ముందు స్టూళ్ళు, ఆ స్టూళ్ళ మీద కూర్చుని ఒకరినొకరు ఏడిపించుకునే అక్కలు, మేడ మీద సంఘం గది, గోడకి 'మా పని మాది, మా ప్రాణమూ మాదే' అని రాసిన అట్ట. ఆ అక్షరాలు దిద్దింది నువ్వేనని నీ పక్క స్టూలు పొట్టక్క చెప్పింది. ణ వాలిపోయి ఉంటే నాకప్పుడే అనుమానం వచ్చింది. పిన్నీ, నాలుగేళ్ళ కిందట వేలిముద్ర వేసిన చెయ్యి అది!

సోదాలో మీ ఫోనులన్నీ పోలీసులు పట్టుకుపోవడం నాకొక విధంగా కలిసొచ్చింది. ఉత్తరాలు రాస్తున్నాం. హాస్టల్ ఫోను వార్డెన్ బల్ల మీద ఉంటుంది, అందులో ఏం మాట్లాడినా సాయంత్రానికి భోజనాల గదిలో వినిపిస్తుంది. దానికి తోడు నా గదిలో అమ్మాయి. అందరూ ఆమెని రేడియో అంటారు. మీ పిన్ని ఏం చేస్తుందని అడిగితే కుట్టుపని అన్నాను. అయితే నాకో గౌను కుట్టించిపెట్టు అని ప్రాణం తీస్తోంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది కుట్లూడిపోతోంది.

తాళంచెవి పోస్టులో పంపనా?

నీ పిల్ల


మన వీధి, టీ కొట్టు బల్ల మీద
జూన్ పదిహేను

బంగారూ,

ఉత్తరం అందింది. తాళంచెవి గురించి బెంగపెట్టుకోకు. గొళ్ళెం ఊడగొట్టి లోపలికెళ్ళా, కొత్త తాళం కొనుక్కున్నా. అయిపోయింది. వేలికి కురుపు లేచింది, అందుకని నేను చెప్తుంటే టీ అక్క రాస్తోంది. మధ్యమధ్యలో లేచి టీ పోసి వస్తోంది. కాగితం మీద మరకలుంటే నా కన్నీళ్ళనుకునేవు, అవి టీ చుక్కలు.

పలక సంగతి నీకు ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. అది తాళాలు దాచుకునే చోటు కాదు. బేరం కుదిరి మాలో ఎవరైనా వీధి దాటి వెళ్తే తాళంచెవి మేకుకి తగిలించి వెళ్తుంది. ఏ బండి ఎక్కింది, ఎటు వెళ్ళింది అన్నది పక్క స్టూలు మీదామె గుర్తుపెట్టుకుంటుంది. తిరిగొచ్చాక ఎవరి తాళం వాళ్ళే తీసుకోవాలి. ఇంకొకరిది ముట్టుకోకూడదు, తోబుట్టువైనా సరే. తెల్లారి టీ అక్క కొట్టు తెరిచి పొయ్యి కన్నా ముందు పలక చూస్తుంది. మేకులన్నీ ఖాళీగా ఉంటే పొయ్యి వెలుగుతుంది. ఒక్క తాళమున్నా వెలగదు. పొగ కనబడకపోతే వీధి వీధంతా లేచి, జుట్టు ముడేసుకుని, వెతకడానికి బయల్దేరతాం. సంఘం వచ్చింది నిన్నగాక మొన్న. పలక అంతకు ముందునుంచే ఉంది.

ఆ తాళంచెవి పంపకు. ఏ కాలవలోనైనా పారెయ్. ఎవరికీ చూపించకు. ఎవరైనా వచ్చి నా గురించి అడిగితే తెలియదని చెప్పు.

రేడియోకి నా కొలతలు తెలియవని చెప్పు. కాదు, ఆమె కొలతలు నాకు తెలియవని చెప్పు. టీ అక్క నవ్వుతోంది, ఇక రాయదట.

మీ పిన్ని


హాస్టల్
జూన్ ఇరవై

పిన్నికి,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. ఇప్పుడు చదవాలంటేనే భయంగా ఉంది.

వేలికి కురుపు లేచినా సంతకమైతే పెడతావు నువ్వు. నేర్చుకున్న కొత్తలో కూరగాయల సంచి మీద కూడా సంతకం పెట్టినదానివి. ఈ ఉత్తరంలో 'మీ పిన్ని' కూడా టీ పెద్దమ్మ అక్షరాలే. తాళం మార్చేశాక పాత చెవి ఇనప ముక్కే కదా. దాన్ని ఎవరికీ చూపించవద్దని ఎందుకన్నావు? నా దగ్గరికి ఎవరొస్తారు నీ గురించి అడగడానికి?

నాకు మాటలంటే ఇష్టమని నీకు తెలుసు. లైబ్రరీలో లావుపాటి నిఘంటువు ముందేసుకుని రోజుకో మాట నోటుపుస్తకంలో రాసుకుంటాను. కానీ ఈ వారమంతా నా తలలో తిరుగుతున్నవి నీ మాటలే. మేకు ఖాళీగా ఉంటే పొయ్యి వెలుగుతుంది.

శనివారం సాయంత్రం నీ మేకుని ఖాళీ చేసింది నేను.

ఆదివారం తెల్లారి పొయ్యి వెలిగిందా పిన్నీ? అప్పటికి నువ్వెక్కడున్నావు?

నీ పిల్ల


మన వీధి
జూన్ ఇరవై ఆరు

తల్లీ,

వెలిగింది. మామూలుగానే వెలిగింది. ఆ పూట టీ కూడా బాగుందన్నారట.

నీకు చెప్పకూడదనుకున్నా. కానీ నువ్వు పట్టుకుంటే వదలవు, మీ అమ్మ కూడా అంతే. చెప్తా విను, విని మర్చిపో.

కారులో వచ్చినవాడు ఒక్కడేనని ఎక్కా. ఊరి బయట సగం కట్టి వదిలేసిన మేడ దగ్గర ఇంకో ఇద్దరున్నారు. బేరంలో లేని మనుషులు. వద్దన్నా. ఆ మాట మా నోట్లోంచి వస్తే వాళ్ళకి నవ్వులాటగా ఉంటుంది. మిగతాది రాయించను. నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది, కట్టు కట్టారు, అతుకుతుందంటున్నారు. బయట గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయారు వాళ్ళు.

తెల్లారుతుంటే కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డా. ఇప్పుడు టీ అక్క పలక చూసుంటుంది అనుకున్నా. ఇప్పుడు పొయ్యి ఆపేసుంటుంది. పొట్టిది కారు నంబరు చెప్పుంటుంది. ఇప్పుడు బయల్దేరుంటారు. అరిస్తే వాళ్ళు మళ్ళీ వస్తారేమోనని అరవలేదు, మనవాళ్ళ మాటలు వినపడ్డాకే అరుద్దామని చెవులు రిక్కించుకుని కూర్చున్నా. ఎండెక్కింది. ఎవరూ రాలేదు. కొట్టినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇటుకల కోసం వచ్చిన కూలీ ఒకాయన మధ్యాహ్నం తలుపు తీశాడు. నన్ను చూసి తన తలగుడ్డ విప్పి ఇచ్చాడు, మొహం తిప్పుకుని నిలబడ్డాడు. ఆయన మేలు మర్చిపోను.

నువ్వు తాళం తీశావని నీ ఉత్తరం వచ్చేదాకా నాకూ తెలియదు. నీ మీద కోపం లేదు. ఒట్టు. పిన్ని మీద ప్రేమతో చేసిన పని అది.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఏమన్నాడో తెలుసా? "నీకు ఇష్టం లేకపోవడమేంటే? కొట్టుకి తలుపులుంటాయా?" అన్నాడు. "ఉంటాయి సార్, తాళం కూడా ఉంటుంది" అన్నా. ఫిర్యాదు రాసుకోనన్నాడు. మర్నాడు సంఘం మొత్తం ఎవరి స్టూలు వాళ్ళు చంకన పెట్టుకుని వచ్చి స్టేషను ముందు కూర్చుంది. "ఇదేంటి, ఇక్కడ కూర్చున్నారు?" అంటే, "ఇంటి ముందు కూర్చుంటే మీరే కదా సార్ పట్టుకొస్తారు, మీకు శ్రమెందుకని మేమే వచ్చాం" అంది పొట్టిది. మూడో పూటకి రాసుకున్నారు. విచారణ ఉంటుందట.

అది మా గొడవ. నువ్వు మాత్రం ఈ వీధి వైపు చూడకు. తాళంచెవి పారేశావా లేదా రాయి.

మీ పిన్ని

ఇది మీ పిన్ని చెప్పింది కాదు. మందు వేసుకోవడానికి లోపలికెళ్ళింది, త్వరగా రాస్తున్నా. నేను టీ పెద్దమ్మని. మొదట్లోనే పోలీసులొచ్చి నన్నడిగితే, పొద్దున్న మేకు ఖాళీగా ఉంది, ఇంటికొచ్చేసిందనుకున్నా అని ఉన్నదున్నట్టు చెప్పా. ఇంటికొచ్చేసింది అని వాళ్ళు రాసుకున్నారు. నా వేలిముద్ర తీసుకున్నట్టు సంతకం తీసుకున్నారు, చదివి వినిపించలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఆ కుర్రాళ్ళ వకీలు అదే పట్టుకున్నాడు. మీ పలక ప్రకారమే ఆమె ఇంట్లో ఉంది, ఇదంతా డబ్బు గుంజడానికి కట్టిన కథ అంటున్నాడు. నా నోరే మీ పిన్నికి ఉరితాడైంది. తాళం తీసింది నువ్వని నువ్వే చెప్తే తప్ప ఆ ముడి విడదని మన సంఘం వకీలమ్మ అంది. ఉత్తరం చూపిస్తే చాలదంట, మనిషి రావాలంట. విచారణ జులై పన్నెండున. రమ్మనే హక్కు నాకు లేదు. నీకు తెలియాలని చెప్పా, అంతే. నేనిది రాశానని తెలిస్తే మీ పిన్ని పొయ్యిలో కట్టెకి బదులు నన్ను పెడుతుంది.


హాస్టల్
జులై ఒకటి

పిన్నికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. తాళంచెవి హాస్టల్ వెనక మురుగు కాలవలో పారేశాను.

నిన్న గేటు దగ్గరికి మోటారుబండి మీద ఒకతను వచ్చాడట. ఫలానా వీధి నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల ఎవరు, ఏ గది అని కాపలా తాతని అడిగాడట. తాత చెప్పలేదు. ఈ రోజు కూడా ఆ బండి ఎదురుగా చెట్టు కింద ఉంది. నేను కిటికీ మూసేశాను. "ఎండాకాలం పోయినా ఇంత ఉక్కగా ఉంటే కిటికీ మూస్తావేంటి?" అని రేడియో గొణిగింది. తలనొప్పి అని చెప్పాను.

సంగతి తెలిస్తే ఇక్కడ నన్ను ఉంచరు పిన్నీ. ఫీజు మాఫీ చేసిన వాళ్ళు సత్ప్రవర్తన అని ఒక మాట రాయించుకున్నారు. ఆ మాట ఎంత లావుగా ఉందో ఇప్పుడు కనిపిస్తోంది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. కొన్నాళ్ళు రాయలేను. చెయ్యి జాగ్రత్త.

నీ పిల్ల


మన వీధి
జులై ఆరు

బంగారూ,

ఎడమచేత్తో నేనే రాస్తున్నా. కోడి కెలికినట్టుంటుంది, సర్దుకో. టీ అక్కకి చెప్పి రాయించాలంటే సిగ్గేసింది, నిన్ను కాపాడాలని ఆమెని చిక్కులో వదిలేశా, ఆమె మొహం చూడలేకపోతున్నా.

పారేశావు కదా, మంచి పని చేశావు. ఇప్పుడు నా గుండె కుదుటపడింది. బండి సంగతి చదివాక మాత్రం కంటి మీద కునుకు లేదు. ఒంటరిగా గేటు దాటకు. తాతకి నా దండాలు చెప్పు.

సాక్ష్యం లేకపోతే లేదు. ఓడిపోతాం. ఓడిపోవడం మాకేమన్నా కొత్తా. మొన్న నా తలుపు మీద రాయి పడింది. సంఘం గదిలో పడుకుంటున్నా. వంతులేసుకుని నా పక్కన పడుకుంటున్నారు. పొట్టిది గురక పెడితే ఆ రౌడీలే పారిపోతారు.

ఒక్కటే దిగులు. పలక పోయింది. గోడకే ఉంది, కానీ పోయింది. పొట్టిది తన తాళం నడుముకి కట్టుకుని వెళ్తోంది. "ఖాళీ మేకుని నమ్మి నిన్ను పోగొట్టుకోబోయాం, ఇక దాన్నేం నమ్మేది" అంటోంది. ఒకర్ని చూసి ఒకరు అందరూ మానేశారు. తాళం ఎలా పోయిందో వాళ్ళకి తెలియదు. మాలోనే ఎవరో తీసి అమ్ముకున్నారని ఒకరి మీద ఒకరికి అనుమానం. నువ్వని నేను చెప్పలేను. చెప్పకపోతే వాళ్ళు తన్నుకుంటున్నారు. టీ అక్క తెల్లారి అలవాటు కొద్దీ పలక ముందు నిలబడుతుంది. అన్ని మేకులూ ఖాళీ. ఎవరున్నట్టో, ఎవరు లేనట్టో తెలియదు. పొయ్యి రోజూ వెలుగుతోంది. ఆ పొగ చూస్తే నాకు భయమేస్తోంది.

నీ మొదటి ఉత్తరం అందాకే దిండు ఎత్తి చూశా, నువ్వు పెట్టిన కాగితం చదివా. 'పిన్నీ, నీ వీధిలో నాకు ఒక్క నిమిషం కూడా భయం వెయ్యలేదు' అని రాశావు. మడిచి దాచుకున్నా.

బాగా రాయి పరీక్షలు.

మీ పిన్ని


హాస్టల్
జులై పదకొండు, సాయంత్రం

పిన్నీ,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. ఆరున్నర బస్సుకి పొట్టక్క చేతికిచ్చి పంపుతున్నాను. అవును, పొట్టక్క ఇక్కడే ఉంది. నా మంచం మీద కూర్చుని నా నిఘంటువుని విసనకర్ర చేసుకుంది.

ముందు ఒక మాట. తాళంచెవి పారెయ్యలేదు. అబద్ధం రాశాను. కాలవ దాకా వెళ్ళి, చెయ్యి చాచి, వేళ్ళు విప్పలేకపోయాను. అప్పటినుంచి మెడలోనే ఉంది. పరీక్షలు కూడా అబద్ధమే. భయం ఒక్కటే నిజం.

నీ ఎడమచేతి ఉత్తరం వచ్చిన రోజే టీ పెద్దమ్మకి కార్డు రాశాను. 'వస్తాను, ఒంటరిగా రాలేను' అని. ఆమెని ఏమీ అనకు. ఈ మధ్యాహ్నం పొట్టక్క, ఆమెతో వకీలమ్మ దిగారు. పొట్టక్క వార్డెన్‌తో తను నా మేనత్తనని చెప్పింది. పోలిక కనబడటం లేదే అని వార్డెన్ అంటే, "పిల్లది వాళ్ళ నాన్న పొడుగొచ్చిందండీ, మా వాటా కూడా అదే తీసేసుకుంది" అంది. వార్డెన్ నవ్వేసింది. ఆమె నవ్వగలదని ఈ రోజే తెలిసింది.

తాళం తీసింది నేనని పొట్టక్కకి చెప్పాను. కొడుతుందనుకున్నాను. నడుముకి కట్టుకున్న తన తాళంచెవి చూసుకుంది, నా మెడలోది చూసింది. "అయితే మేకు తప్పు కాదన్నమాట" అంది. అంతే. తర్వాత చాలాసేపు ముక్కు చీదుకుంది.

ఆపైన రేడియో. వేరే దారి లేదు, గది ఒకటే. కుట్టుపని కాదని చెప్పాను. నువ్వేం చేస్తావో, నీకేం జరిగిందో, ఆ బండి ఎందుకుందో అంతా చెప్పాను. రేడియో లేచి బయటికి వెళ్ళిపోయింది. అయిపోయింది, భోజనాల వేళకి అంతస్తంతా తెలిసిపోతుంది అనుకుని మంచం మీద కూలబడ్డాను. వకీలమ్మ నా భుజం పట్టుకుని కూర్చుంది. కాసేపటికి రేడియో తిరిగొచ్చింది. ఒక చేతిలో రాయి, ఇంకో చేతిలో తుప్పు పట్టిన మేకు.

"నాకిదంతా నచ్చిందనుకోకు. అబద్ధం చెప్పావు. గౌను కోసం నేను గుడ్డ కూడా కొనుక్కున్నా" అంది. తలుపు పక్కన గోడకి మేకు దిగ్గొట్టింది. సున్నం రాలింది. "నీ పెట్టె తాళంచెవి ఇటివ్వు. ఎల్లుండి పొద్దున నేను లేచేసరికి అది ఇంకా ఇక్కడే వేలాడుతుంటే నోరు తెరుస్తా. నేను నోరు తెరిస్తే ఏమవుతుందో తెలుసు కదా?"

తెలుసు పిన్నీ. అందుకే ఆమె చేతికిచ్చాను.

బండి ఇంకా చెట్టు కిందే ఉంది. ఇప్పుడు ఇద్దరున్నారు. రేపు ఆ వకీలు నన్ను ఏమడుగుతాడో వకీలమ్మ చెప్పింది. మీ పిన్ని ఏం పని చేస్తుంది అనే మొదలుపెడతాడట, అందరి ముందూ. ఆ ఒక్క జవాబు లోపల అనుకుంటూనే ఉన్నాను. గొంతు వణికితే వణకనీ.

రేపు పొద్దున మొదటి బస్సుకి వకీలమ్మా నేనూ బయల్దేరతాం. కాపలా తాత వంటగది తలుపు తీసి పెడతానన్నాడు. బస్టాండులో దిగం, అక్కడ వాళ్ళుంటారు. కూరగాయల మార్కెట్ దగ్గర దిగుతాం. సంఘం వాళ్ళని బుట్టలు పట్టుకుని అక్కడ నిలబడమని పొట్టక్క చెప్తుంది.

నువ్వు మార్కెట్‌కి రాకు. టీ కొట్టు దగ్గరే ఉండు. గొళ్ళెంతో పాటు ఊడిన పాత తాళం టీ పెద్దమ్మ దాచిందట, అది బల్ల మీద పెట్టించు. జడ్జి గారి ముందు ఈ చెవితో దాన్ని తెరిచి చూపించాలి. టీ పెద్దమ్మకి ఒక్క మాట చెప్పు. రేపు తెల్లారి పొయ్యి వెలిగించవద్దు. వీధంతా లేవనీ. నేను వచ్చి అందరూ చూస్తుండగా తాళంచెవిని నీ మేకుకి తగిలిస్తాను. నువ్వు నీ చేత్తో తీసుకో, ఎడమచెయ్యైనా సరే. అప్పుడు వెలిగించమను. తలో టీ తాగి, ఎవరి స్టూలు వాళ్ళు పట్టుకుని కోర్టుకి వెళ్దాం.

నీ పిల్ల